టీఎంపీ

ఆదోనిలోని ఒక జిన్నింగు మిల్లు ఆఫీసుకు యూనిక్సు కంప్యూటరు వచ్చి, 1988 శ్రావణానికి ఏడాది నిండింది. దానిని నడిపే ఇందిరాబాయికి ఉన్న ఒకే గర్వం వేగం. పత్తి బేళ్ల జాబితాను వరుసలో పెట్టేటప్పుడు యంత్రం కొన్ని ఫైళ్లు తాత్కాలికంగా రాసుకొని, పని ముగిశాక చెరిపేస్తుంది. అవి డిస్కు మీద ఉన్నప్పుడు ముప్పావుగంట పట్టేది. వాటికోసం ఉన్న ‘టీఎంపీ’ అనే అరను ఆమె డిస్కు నుంచి మెమరీలోకి మార్చింది. ఇప్పుడు ఐదు నిమిషాలే. కరెంటు పోతే అందులోనివన్నీ పోతాయి. పోతే పోనీ, చిత్తే కదా అనుకుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కాటా దగ్గర పనిచేసే బజారి తెర ముందు బిక్కమొహం వేసుకొని కూర్చున్నాడు.

“ఉరుకుంద ఈరన్న జాతరకు పోయేటోళ్ల లిస్టు కనపల్లేదక్కా. పొద్దున్నుంచి ఏళ్లు నొప్పి పుట్టేదాకా కొడితి. ఐదుకు డిపోలో ఇయ్యకుంటే రేపు బస్సులు రావంట.”

“ఎక్కడ పెట్టినావప్పా?”

“గుళ్లో.”

“ఏ గుళ్లో?”

“టీ, ఎం, పీ. టెంపులు! ఈరన్న సామి లిస్టు ఇంగ యాడ పెట్టాల? ఆడ ఎంత బిర్న, చిటికెలో రాసుకుంటాండెనో! సామి మహిమే అనుకొంటి.”

ఆమెకు నవ్వు వచ్చింది, కానీ నిలవలేదు.

“అది టెంపరరీ బజారీ. ఉండేది కాదు.”

“ఉండేది కాకుంటే ఇంతసేపు ఎట్ల కనపడ్యా?”

మంత్రాలయంలో వేదాంతం చెప్పిన ఆమె తండ్రి నశించేది వేరు, అబద్ధం వేరు అనేవాడు. ఆ మాట ఆమెకు కంఠస్థం. అయినా ఒక మనిషి పూటంతా చేసిన పని తన లెక్కలో చిత్తయింది.

“పేర్లు గుర్తుండాయా?”

“మర్చిపోతానా? సీట్ల కోసం అందరూ నా తల తినిరి. రాసుకో. ముత్తమ్మ, కిటికీ పక్క. హులిగెమ్మ, ముత్తమ్మకు దూరంగా.”

“ఎందుకు?”

“కొళాయి కాడ కొట్లాడినారు.”

ఈసారి డిస్కు మీదే రాసింది. పదేసి పేర్లకు ఒకసారి భద్రపరిచింది. ప్రతిసారీ డిస్కు గరగరలాడింది.

“ఇంత నిదానమా అక్కా?”

“రాసుకొంటాంది. రాసుకోనీ.”

నాలుగున్నరకు ఎనభై మూడు పేర్లయ్యాయి. సీట్లు ఎనభై నాలుగు. బజారి వేళ్లు మడిచి చూసుకున్నాడు, తల గోక్కున్నాడు.

“ఒకరు తగ్గినారే. ఎవరబ్బా?”

ఇందిరాబాయి అతని వైపు ఒక క్షణం చూసి, అడగకుండానే ‘బజారి’ అని కొట్టి భద్రపరిచింది. డిస్కు శబ్దం పూర్తిగా ఆగేదాకా మీటల మీద చెయ్యి వేయలేదు.