స్తంభానికి తగిలిన బంతి

మా ఫుట్‌బాల్ క్లబ్బు తన యాభై ఏళ్ల చరిత్ర మీద సినిమా తీసుకుంది. అందులో హీరోని నేనే. మైదానంలో సున్నపు గీతలు గీసేవాణ్ని. నా గీత మీద చీమల బారు నడిస్తే ఒక్క చీమ కూడా పక్కకు తూలేది కాదు.

సినిమావాళ్లు మేం కప్పు గెలిచిన ఆనాటి ఫైనల్ గురించి అడిగితే రెండు గంటలు వాగాను. ఆఖరి నిమిషంలో బంతిని ఆపింది గోల్‌కీపరు, మా తమ్ముడు. వాడి కుడిభుజం విరిగింది. వైద్యం చేయించమన్నందుకు కమిటీ వాడి పేరే కొట్టేసింది. అప్పటి కెప్టెను, ఇప్పటి అధ్యక్షుడు, మా ఆవిడ అన్నగారే.

"ఈసారి మీ తమ్ముడి పేరు తెర మీద పడుతుంది బావా, నాదీ పూచీ" అన్నాడు.

నమ్మాను. తమ్ముడికి ఇస్త్రీ చొక్కా తొడిగి, ఆ చెయ్యి లేవదు కనుక గుండీలు నేనే పెట్టి, ముందు వరసలో కూర్చోబెట్టాను.

తెర మీద బావ పరుగెత్తాడు, బావ కప్పెత్తాడు, బావ మొక్క నాటాడు. తర్వాత నేను.

"బంతి తుపాకీగుండులా వచ్చింది! అడ్డంగా... ఉక్కు స్తంభం! తగిలి వెనక్కి పోయింది!"

నేనన్నది "అడ్డంగా మా తమ్ముడు, ఉక్కు స్తంభం!" అని. తమ్ముణ్ణి కత్తిరించి స్తంభాన్ని ఉంచారు. పైగా తెల్లటి గోల్‌పోస్టును దగ్గరగా చూపించారు. హాలంతా చప్పట్లు. నా హీరో వేషం పదకొండు సెకన్లు. ఇక చీమలంటారా, నా గీతల్ని చూసి రిఫరీ "ఇదేమన్నా వంకర్ల వాగా?" అని అడిగేవాడు.

తమ్ముడు నా చెవి దగ్గరికి వంగాడు.

"అన్నయ్యా, నాకు వెల్ల కూడా నువ్వే వేశావా?"

బయట బావను పట్టుకున్నాను. "మా వాడేడి బావా?"

"నిడివి ఎక్కువైంది బావా. అయినా ఆ గొంతు నీదేగా! నేనేమన్నా చెప్పించానా?"

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గేటు దాటాను.

ఇంటికి నడుస్తుంటే తమ్ముడు కుడిచెయ్యెత్తి నా భుజం మీద వేశాడు.

"పోనీలే అన్నయ్యా, స్తంభానికి నొప్పేముంటుంది?"

చీమల సంగతి ఎలాగూ ఒప్పేసుకున్నాను. నేను కల్పించింది ఇంకొక్కటే. ఆ మాట వాడిదే. చెయ్యి మాత్రం ఈ కథలో నేనే ఎత్తించాను.