వంటవాడు హీరో ఎట్లయితాడు

చిత్తూరు కట్టమంచిలో పొద్దున ఏడున్నరకు ఫ్యాక్టరీ బస్సు ఎక్కితే బంగారుపాళ్యం చేరేదాకా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ సుజనవే. కిటికీ పక్క సీటు, చేతిలో ఫోను, ఫోనులో ముందురోజు చదివి ముగించిన నవల. పక్కన వినడానికి అమల.

సుజనకు ముప్పై ఆరేళ్లు. మామిడి గుజ్జు తీసే ఆ ఫ్యాక్టరీలో ఆమెది ల్యాబు పని. గంటగంటకూ వచ్చే గుజ్జులో తీపి ఎంతుందో, పులుపు ఎంతుందో చూసి రాయాలి. భర్త మునిచంద్ర రేణిగుంటలో ఒక గోడౌన్ చూసుకుంటాడు, ఆదివారాలు వచ్చిపోతాడు. మిగిలిన వేళంతా ఆమె చదివేది. ఫోనులో భాగాలు భాగాలుగా వచ్చే ప్రేమ నవలలూ, మాయలోకాల నవలలూ వారానికి మూడు నాలుగైనా అయ్యేవి. చదివినవాటి మీద అభిప్రాయాలను ఫేస్‌బుక్‌లో తన పేజీలో పెట్టేది. ఆ పేజీని తొమ్మిది వేల మంది చూస్తారు. వాళ్లలో చాలామంది నవలల కోసం వచ్చేవాళ్లు కాదు, ఈ వారం సుజన ఎవరిని ఎట్లా కోస్తుందో చూడటానికి వచ్చేవాళ్లు.

పేజీలోకి ఎక్కకముందే ఆ మాటలు అమల చెవిన పడేవి.

"నిన్న ఒకటి ముగించినా," అనేది సుజన. "రాక్షసరాజు, మనిషి పిల్ల. ఆరు వందల పేజీల్లో వాడు ఆ పిల్ల మణికట్టు నలభై రెండుసార్లు పట్టుకొన్నాడు. నేను లెక్కబెట్టినా. మనూర్లో అయితే ఆ పిల్లను ఈపాటికి పుత్తూరుకు తోలకపోయి ఎముకల కట్టు కట్టించి ఉందురు."

అమల చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

"ఇంకో నవల ఉండాది. దాంట్లో హీరోకు పదకొండు కంపెనీలంట. ఒక్క కాయితం మీద సంతకం పెట్టిన పాపాన పోలేదు. తెల్లారితే అద్దాల కిటికీ దగ్గర నిలబడుకోని దూరంగా సూస్తా ఉంటాడు. ఆ కంపెనీలు నడిపేది వాచ్‌మనా?"

అమలకు ఇరవై ఆరు. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి, బెల్టు మీద వచ్చే కాయల్లో కుళ్లినవి ఏరే పనికి వచ్చింది. తొడిమ పక్కన బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఇది ఇవ్వాళ్టికి, ఇది ఎల్లుండికి అని చెప్పేసేది. తప్పేది కాదు. మాట తక్కువ. సుజన చెప్పిన నవలలన్నీ చదివేది, చదివాక సుజన అభిప్రాయమే తనదీ అయ్యేది.

జూన్ మొదటి వారంలో ఒకరోజు అమలే అడిగింది.

"అక్కా, 'రుచి తెలియని రాణి' అని ఒకటి వస్తా ఉండాది, సూసినావా? ఎవురో ఇసుకపిట్ట అనే పేరుతో రాస్తా ఉండారు."

"బాగుండాదా?"

"నాకేం తెలుసక్కా. నువ్వు సదివి చెప్పు."

ఆ మాట అనేటప్పుడు అమల కిటికీ వైపు చూస్తోంది. సుజన అది గమనించలేదు, అప్పటికి.

మధ్యాహ్నం ల్యాబులో మొదలుపెట్టింది. ఒక రాజ్యం, ఆ రాజ్యానికి వైదూర్య అనే రాణి. ఏం తిన్నా ఆమెకు రుచి తెలియదు. సారంగుడనే వంటవాడు వస్తాడు. రోజూ ఒకటి వండి పెట్టి, తిన్నాక ఏమనిపించిందో రాణిని అడిగి తాటాకు మీద రాసుకుంటాడు. ఆమె వేడి అంటుంది, మెత్తన అంటుంది, ఒకరోజు గంజి తాగి చిన్నప్పుడు వానలో తడిసిన గోడ గుర్తొచ్చిందంటుంది. రుచి నాలుక మీద లేకపోతే ఇంకెక్కడుందో వెతుకుదాం అంటాడు వంటవాడు. ఆ పేజీని సుజన మూడుసార్లు చదివింది. చూడాల్సిన గుజ్జు గాజుగ్లాసుల్లో వరసగా నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు తాకను కూడా తాకలేదు, అయినా ఆమెకు మెడ వెనక వేడెక్కింది.

రెండో భాగంలో వంటశాల ముసలమ్మ ఒకతె పండ్లు ఏరుతుంది. తొడిమ పక్కన బొటనవేలితో నొక్కి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అంటుంది.

సుజన ఫోను బల్ల మీద పెట్టింది. ల్యాబు అద్దంలోంచి చూస్తే కింద బెల్టు కనబడుతుంది. నీలం టోపీ పెట్టుకుని అమల కాయలు ఏరుతోంది.

నవలను అప్పటికే పద్దెనిమిది వేల మంది చదివారు. కింద కామెంట్లు. ఏడుస్తున్నామనేవాళ్లు, తర్వాతి భాగం ఎప్పుడనేవాళ్లు, అన్నం తింటుంటే సారంగుడు గుర్తొస్తున్నాడనేవాళ్లు.

సుజన కూడా ఒకప్పుడు రాసింది. నాలుగేళ్ల కింద, మూడు భాగాలు. నలభై ఒక్కమంది చదివారు. ఒకే ఒక్క కామెంటు వచ్చింది: 'అక్షరదోషాలు లేవు.' ఆ వారమే తీసేసింది. ఆ సంగతి మునిచంద్రకు కూడా తెలియదు.

మర్నాడు బస్సు మిట్టూరు దాటకముందే అమల అడిగింది. "సదివినావా అక్కా?"

"ఏది?" అంది సుజన. తర్వాత గుర్తొచ్చినట్టు, "ఓ, ఆ వంటల పుస్తకమా," అంది.

అమల నవ్వింది. ఆ నవ్వు రావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని సుజన చూసింది.

"వంటవాడు హీరో ఎట్లయితాడు మే? మాయలోకం అని పేరు పెట్టి గంజి కాసేవాణ్ణి తెస్తే ఎవురు సదువుతారు? వాడు గరిటె తిప్పతా ఉంటే ఆయమ్మకు వాన గుర్తొచ్చిందంట. నాకు మా ఇంట్లో గ్యాసు అయిపోయింది గుర్తొచ్చింది."

"నిజమే అక్కా," అంది అమల. "గంజి ఏంది, మరీ."

"రాసినోళ్లకు చెయ్యి తిరగలేదు. యాడో పెద్దగా లోకం సూడనోళ్లు రాసినట్టుండాది."

"అట్లే ఉండాది."

తన రాతను తానే తిడుతూ తలాడిస్తున్న మనిషి పక్కన కూర్చుని ప్రయాణం చేయడం సుజనకు కొత్త. ఫ్యాక్టరీ ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

భాగాలు వారానికి రెండు వచ్చేవి. శుక్రవారం వచ్చినదాంట్లో వంటవాడి భుజం మీద ఒక రాజముద్ర కనబడింది. తప్పిపోయిన రాజకుమారుడట. సుజన ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. తను బస్సులో అన్న మాట మూడు రోజుల్లో పద్దెనిమిది వేల మంది చదివే కథలోకి నడిచి వచ్చింది. ఇన్నేళ్లుగా ఆమె ఎందరిని తిట్టినా ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. ఈ పిల్ల మార్చింది.

"ఆ వంటల నవల్లో ఇంకా ఏమన్నా జరిగిందా అక్కా?" అని సోమవారం అడిగింది అమల.

"యువరాజైనాడు. నా కర్మ. ప్రతి పుస్తకంలో ఒక తప్పిపోయిన యువరాజు ఉండనే ఉండాడు. వీడొకడు తక్కువైనాడా?"

"అయితే వంటవాడిగానే ఉండనిచ్చింటే బాగుండునా?"

"అదీ బాలేదు, ఇదీ బాలేదు. చేతకానోళ్లు ఏం చేసినా అంతే."

తర్వాత సారంగుడి చేతికి కత్తి వచ్చింది. వాడికి కత్తి పట్టుకునే తీరే రాదని సుజన అంది. రాణి ఎక్కువ మాట్లాడుతోందంది, రాణి మూగబోయింది. తాటాకులెందుకంది, తాటాకులు మంటల్లో పడ్డాయి. కామెంట్లలో జనం బతిమాలసాగారు: మా పాత సారంగుణ్ణి మాకివ్వండి. ఇసుకపిట్ట ఎవరికీ జవాబివ్వలేదు. ఆమెకు ఒక్కరి అభిప్రాయమే కావాలి, ఆ ఒక్కరూ పక్క సీట్లోనే ఉన్నారు.

జూలైలో ఒక పొద్దున సుజన అంది. "అసలు వాడు ఉండి ఏం చేస్తా ఉండాడు? చంపేస్తే పీడ పోతాది. ఆ రాణి కథైనా ముందుకు సాగుతాది."

అమల వెంటనే తలూపలేదు. "చంపేయాల్నా?" అని మెల్లగా అడిగింది.

"నేనైతే చంపుతా."

ఇరవై మూడో భాగంలో సారంగుడు కోట గోడ మీంచి పడి చనిపోయాడు. సగం పేజీలో పోయాడు. సుజన ల్యాబులో నిలబడే చదివింది. చదివి, చేతులు కడుక్కుని, మళ్లీ చదివింది. ఆ సాయంత్రమే తన పేజీలో రాసింది: 'హీరోను ఏం చేయాలో తెలియక గోడ మీంచి తోసేసిన రచయిత్రి గారికి నమస్కారం. ఇకనైనా వంటింట్లో ఏదైనా పనికొచ్చేది చేసుకోగలరు.' వెయ్యికి పైగా లైకులు వచ్చాయి. ఆమె రాసినవాటిలో దేనికీ అన్ని రాలేదు.

రెండు రోజులు అమల పనికి రాలేదు. మూడోరోజు వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. సాయంత్రం తిరుగు బస్సు కదిలాక నోరు విప్పింది.

"అక్కా, ఒకటి చెప్తే తిట్టుకోవు కదా. ఆ నవల రాసేది నేనే."

సుజన ఫోనులోంచి తల ఎత్తలేదు. "తెలుసు."

"తెలుసా?"

"రెండో భాగంలోనే తెలిసింది. తొడిమ దగ్గర నొక్కే ముసిల్ది."

బస్సు హైవే ఎక్కింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి తోతాపురి మామిడికాయలు నింపుకున్న ట్రాక్టర్లు కిలోమీటరు పొడుగునా నిలబడి ఉన్నాయి. అమల వాటిని చూస్తూ కూర్చుంది.

"అయితే నేనని తెలిసే అన్నీ చెప్పినావు," అంది చివరికి.

సుజన సిద్ధంగానే ఉంది. "తెలిసినందుకే చెప్పినా. పరాయోళ్లయితే నాకేల? నువ్వు బాగుపడాలని చెప్పినా."

అమల ఆ మాట గురించి ఆలోచించింది. తర్వాత తల ఊపింది. నమ్మింది.

"ఆడియోలు చేసే కంపెనీ వాళ్లు ఒకరు మేలో రాసినారక్కా. మొదట్లో ఉన్నట్టే చివరిదాకా రాస్తే కథ తీసుకొంటామన్నారు. మొన్న సారంగుడు పోయినాక వద్దనేసినారు. అందుకే రెండు దినాలు రాలేదు. నీకు ముందే చెప్పుంటే సరిపోయేది."

సుజనకు ఆ కంపెనీ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిశాక ఏమనిపిస్తుందోనని ఆగి చూసుకుంది. చాలారోజులుగా సలుపుతున్న పన్ను ఊడివస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"మొదట నువ్వు అనుకొన్న ముగింపు ఏంది?" అని అడిగింది. ఇది మాత్రం నిజంగానే అడిగింది. నెలన్నరగా అది తెలియక ఆమెకు పనిలో మనసు నిలవడం లేదు.

అమల చెప్పింది. రాణికి రుచి ఎందుకు పోయిందంటే, చిన్నప్పుడు ఆమె తినాల్సిన అన్నం ముందుగా రుచి చూసే పిల్ల ఒకతె ఉండేది. ఆ పిల్ల విషం తిని చచ్చిపోయింది. ఆ పూటనుంచే రాణి నాలుక చచ్చిపోయింది. సారంగుడు ఆ పిల్లకు అన్న. రాణికి విషం పెట్టడానికే కోటకు వచ్చాడు. రోజూ రేపు పెడదాంలే అనుకుని, ఆమె ఏం చెబుతుందో వినాలని ఇంకొక్క రోజు ఆగేవాడు.

"చివర్లో వాడు నిజం చెప్పేస్తాడక్కా. రాణి, నాకు మొదటిరోజే తెలుసు, నీ మొకం ఆ పిల్ల మొకమే అంటాది. తెలిసే దినమూ నీ చేత తిన్నా అంటాది. ఆపొద్దు కూడా ముద్ద కలిపి నోట్లో పెడతాడు. ఇన్నేళ్లకు ఆయమ్మకు మొదటిసారి రుచి తెలుస్తాది. చేదు. అది కాకరకాయ చేదా, విషం చేదా ఆయమ్మకు తెలీదు, సదివేవాళ్లకూ తెలీదు. రాణి రెండో ముద్ద పెట్టమంటాది. అంతే."

సుజన దిగాల్సిన చోటు దాటిపోయింది. ఆమెకు తెలియలేదు. బాగుండాది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతకంటే మంచి ముగింపు ఆమె చదివిన ఏ నవలలోనూ లేదు. అది ఇప్పుడు ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. అమల ఆమె ముఖంలోకే చూస్తోంది, ఫలితాల కాయితం చూసే పిల్లలా.

"ఇంకా గూడా రాయొచ్చక్కా. సారంగుడు సావలేదని తిప్పొచ్చు. నువ్వు బాగుందంటే రాస్తా."

సుజన చూపు ఫోను మీదికి తిప్పుకుంది.

"చేదా? అన్ని పేజీలు సదివినోళ్ల నోట్లో చివరికి చేదు పెడతావా మే? రాయకుండా ఉండిందే మంచిదయింది. నలుగురిలో నగుబాటు తప్పింది నీకు."

"అవునక్కా," అంది అమల. ఫోను తీసి, ఇరవై మూడు భాగాలనూ ఒక్కొక్కటే నొక్కి తీసేసింది. ప్రతిదానికీ ఫోను నిజంగా తీసేయమంటారా అని అడుగుతోంది. అవును అని అమల నొక్కుతోంది. సుజన పక్కనుంచి చూసింది. చివరిదాకా చూసి, బస్టాండులో దిగి, ఆటో ఎక్కి వెనక్కి ఇంటికి పోయింది.

సీజను ముగిశాక అమల మళ్లీ ఫ్యాక్టరీకి రాలేదు. అక్టోబరులో సుజన చిత్తూరులోనే ఒక బట్టల దుకాణానికి వెళితే కౌంటరు వెనక చీరలు మడతపెడుతూ కనబడింది. అదే నవ్వు, అదే అక్కా అనే పిలుపు. నాలుగు చీరలు తీసి చూపించింది.

"ఇప్పుడేం సదవతా ఉండావు?" అని సుజన అడిగింది.

"మానేసినానక్కా. ఏ పుస్తకం తెరిచినా ముందు నీ గొంతే వినిపిస్తాది. ఇంక నేను సదివేదానికి ఏముంటాది."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పి, ఇంకో చీర విప్పడానికి వంగింది.

సుజన ఆ రోజే తన పేజీలో పెట్టింది: 'ఏ పుస్తకం తెరిచినా మీ గొంతే వినిపిస్తుందని ఒక పాఠకురాలు అన్నారు. ఇంతకంటే పెద్ద పొగడ్త ఏముంటుంది.' ఆరు వందల మంది మెచ్చుకున్నారు. సుజన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. ఆ పాఠకురాలు ఇప్పుడు ఏం చదువుతున్నారండీ అని ఒకావిడ అడిగింది. ఆ ఒక్కదానికి మాత్రం జవాబు రాయలేదు.