పిచ్చుక పలికేదాకా

మా కంపెనీ పాత లిఫ్టులకు దయ్యం పట్టిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, ఎవరూ మీట నొక్కకుండానే లిఫ్టు పైఅంతస్తుకు వెళ్తుంది. తలుపు తెరుస్తుంది. లోపల లైటు వెలుగుతూ ఉంటుంది, మనిషి ఉండడు. కాసేపు అలాగే నిలబడి, తలుపు మూసుకుని కింది అంతస్తుకు దిగుతుంది. అక్కడా అదే తంతు. ఖాళీ లిఫ్టు తననే చూస్తున్నట్టుందని ఒకావిడ ఫోన్లో ఏడ్చింది. ఆ ఫోను ఎత్తింది నేనే. ఆ లిఫ్టును నడిపే ప్రోగ్రాము రాసింది మా అన్నయ్య. ఆవిడ మా అన్నయ్యనే దయ్యం అన్నట్టు అనిపించి నాకు ఒళ్ళు మండింది.

అన్నయ్య పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇదే ఆఫీసులో, కిటికీ పక్క బల్ల దగ్గర, టీ కప్పు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది. నెల తిరక్కుండా అన్నయ్య కంప్యూటరులో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చేశారు. ఆఫీసు నియమమట. ఆ నియమం పెట్టినవాళ్ళను ఇప్పటికీ తిట్టుకుంటాను. అన్నయ్య చేత్తో రాసుకున్న అసలు ప్రోగ్రాము దాంతోనే పోయింది. మిగిలింది దాని బైట్‌కోడ్ ఒక్కటే, అంటే యంత్రం చదవడానికి వీలుగా అంకెల్లోకి మార్చిన రూపం. అన్నం మిగిలింది, బియ్యం లేవు. అన్నం తినగలం గాని మళ్ళీ బియ్యం చేయలేం కదా.

సోమవారం పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు. మంచివాడే, కానీ మాట మెత్తన, చెయ్యి గట్టి.

“చూడమ్మా, లిఫ్టుల్లో పెట్టే పాత ఎలక్ట్రానిక్ బోర్డులు ఇప్పుడెక్కడా దొరకడం లేదు. కొత్త బోర్డు మీద మీ అన్నయ్య ప్రోగ్రాము నడిస్తే నడిపించు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ దయ్యం సంగతి తేలాలి. శుక్రవారానికి తేలకపోతే దాన్ని పక్కన పడేసి బయటివాళ్ళది తెచ్చుకుందాం.”

పక్కన పడేయడం అన్న మాట నాకు గుండెలో గుచ్చుకుంది. అన్నయ్య బట్టలు ఎవరికో ఇచ్చేశాం. ఫోను నంబరు ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఈ లోకంలో అన్నయ్యది ఇంకా కదులుతున్నదేదైనా ఉందంటే ఆ ప్రోగ్రామే. దాన్ని పడేయనివ్వకూడదని అక్కడే అనుకున్నాను.

పని చెప్పుకోవడానికి తేలికే. కొత్త బోర్డులో మా సొంత ప్రోగ్రాము ఉంటుంది. దాని లోపల రన్‌టైమ్ అనే చిన్న ప్రోగ్రామును ఇమడ్చాలి. బోర్డు ఏదైనా సరే, బైట్‌కోడ్‌ను ఒకే తీరుగా చదివి నడిపించేది అదే. ఇల్లుగలవాళ్ళు ఒక గది అద్దెకిచ్చినట్టు అనుకోండి. ఆ గదిలో అన్నయ్య కోడ్ ఉంటుంది. అది గది దాటి రాలేదు, మోటారును తాకలేదు, తలుపు తీయలేదు. ఏం కావాలన్నా కిటికీలోంచి పేరు పెట్టి పిలవాలి, ఇల్లుగలవాళ్ళం మేం పలకాలి. ఏయే పేర్లు పిలుస్తుందో ముందే చెబుతుంది. అందులో ఒక్క పేరుకు పలికే దిక్కు లేకపోయినా గదిలో కాలు పెట్టదు. మొండిఘటం, అచ్చం అన్నయ్యే.

నా పక్క బల్ల అతన్ని అందరూ తొందర అంటారు. టీ చల్లారేదాకా కూడా ఆగలేడు, రోజూ నాలుక కాల్చుకుంటాడు. మేమిద్దరం కూర్చుని ఒక్కో పేరుకూ పలుకు, అంటే జవాబిచ్చే చిన్న కోడ్, కట్టుకుంటూ వచ్చాం. అన్నయ్య అన్నింటికీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లే పెట్టాడు. తలుపు, బరువు, మోటారు, అంతస్తు. బుధవారం మధ్యాహ్నానికి అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. తెర మీద ఒకటే ఫిర్యాదు: పిచ్చుక అన్న పేరుకు పలికేవాళ్ళు లేరు.

“ఇదేం పేరక్కా? లిఫ్టుకీ పిచ్చుకకీ ఏంటి సంబంధం?” అన్నాడు తొందర.

“ఏమో” అన్నాను.

పిచ్చుక నేనే. చిన్నప్పుడు బక్కపలచగా ఉండి రోజంతా వాగుతూ ఉంటానని అన్నయ్య పెట్టిన పేరు. మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. అన్నయ్య పోయాక ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు.

“ప్రస్తుతానికి ఉత్తిది పెట్టేద్దాం. సున్నా అని చెప్తే సరి, లోపలికి రావడమే కదా కావాల్సింది” అంటూ నేను వద్దనేలోపే తొందర టైపు చేసేశాడు. సున్నా అంటే లేదు అని అర్థం.

కోడ్ లోపలికి వచ్చింది. తెర మీద దాని పిలుపులు ఒక్కొక్కటే పడసాగాయి. పిచ్చుక. పిచ్చుక. పిచ్చుక. ఆ తర్వాత పైఅంతస్తు, తలుపు తెరువు, పిచ్చుక. తలుపు మూయి, కింది అంతస్తు, తలుపు తెరువు, పిచ్చుక. బోర్డుకు తగిలించిన మీటలు ఎన్ని నొక్కినా పట్టించుకోలేదు. అడుగుదాకా వచ్చి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది.

“దొరికిందక్కా దయ్యం” అని నవ్వాడు తొందర. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. నాకు భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే భయమేసింది. చచ్చిపోయిన మనిషి గొంతు లేకుండా పేరు పెట్టి పిలుస్తుంటే భయమెయ్యదా?

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పక్కన కూర్చుని ఒక తువ్వాలు అందుకున్నాను.

“అమ్మా, అన్నయ్య నన్ను పిచ్చుకా అని ఎక్కువగా ఎప్పుడు పిలిచేవాడు?”

“ఎప్పుడేంటే, కరెంటు పోయినప్పుడల్లా. నీకేమో అలిగి ఫ్లాట్ల మెట్ల మీద ఎక్కడో దాక్కోవడం అలవాటు. చీకటి పడితే వాడికి కాలు నిలిచేది కాదు. పైఅంతస్తు నుంచి మొదలుపెట్టి, ఒక్కో అంతస్తులో ఆగి పిలుచుకుంటూ దిగేవాడు. నువ్వు ఉన్నా అనేదాకా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. పొగరుబోతు పిల్లవి, వినపడినా పలికేదానివి కాదు.”

“చీకట్లో ఎవరైనా పిలిస్తే పలకొద్దని చెప్పింది నువ్వేగా.”

“ఒకసారి పిలిస్తే పలకొద్దన్నాను. మూడోసారీ పిలిస్తే పలకమన్నాను. సగమే విని నన్నంటావేం? దయ్యానికి అంత ఓపికెక్కడిదే. మళ్ళీ మళ్ళీ పిలిచేది మనవాళ్ళే.” అమ్మ చేతిలో మడత ఆగింది. “ఇప్పుడెందుకు అడుగుతున్నావు?”

“ఊరికే” అన్నాను. అంతకన్నా చెప్పే ధైర్యం లేకపోయింది.

అమ్మ మాటతో ముడి విడిపోయింది. కరెంటు రాగానే, చిన్న బ్యాటరీ ఆసరాతో, అన్నయ్య కోడ్ అన్నిటికన్నా ముందే లేస్తుంది. బోర్డులో మీటలను చూసుకునే మిగతా భాగం మేలుకుందా అని అడగడమే పిచ్చుక. అది ఉన్నా అని పలికేదాకా ఎక్కడ ఎవరు చిక్కుకున్నారో తెలియదు కాబట్టి, లోపలివాళ్ళు దిగడానికి, చీకట్లో ఉన్నవాళ్ళు ఎక్కడానికి ప్రతి అంతస్తులో ఆగి తలుపు తీయమని రాశాడు. పాత బోర్డులు ముసలివైపోయి మేలుకోవడానికి బోలెడంత సేపు తీసుకుంటున్నాయి. అంతసేపూ ఇది తిరుగుతూనే ఉంటోంది. దయ్యమూ కాదు, తప్పూ కాదు. వెతుకులాట.

గురువారం పొద్దున్నే పెద్దసారుకు చెప్పాను. కొత్త బోర్డు రెప్పపాటులో మేలుకుంటుందని, పిచ్చుక పలికితే లిఫ్టు ఇక తిరగదని, అన్నయ్య ప్రోగ్రాము నిక్షేపంగా పనికొస్తుందని.

“ఇంకేం మరి, పలికించు” అన్నాడాయన.

“ఎప్పుడు పిలిచినా ఉన్నా అనేలా ఒక్క అంకె పెట్టేస్తే అయిపోతుంది” అన్నాడు తొందర, బల్ల దగ్గరికి రాగానే.

“బోర్డు చచ్చి పడున్నా ఉన్నాననే అంటుంది అప్పుడు. లేనప్పుడు ఉన్నానని చెప్పించను” అన్నాను, కావలసినదానికంటే గట్టిగానే. బోర్డు నిజంగా మేలుకుని ఉంటేనే పలికేలా రాసి పెట్టాను. దాన్ని లిఫ్టులోకి ఎక్కించడం ఒక్కటే మిగిలింది. చెయ్యి కదల్లేదు. పలికితే అన్నయ్య కోడ్ నాకు దక్కుతుంది. కానీ పలికాక ఇక వెతకడు. రెండూ నాకే కావాలనిపించింది.

ఆఫీసు వెనక మా పరీక్షల లిఫ్టు ఉంది. అందులో కొత్త బోర్డు పెట్టి, సున్నా చెప్పేదాన్నే ఉంచి, నేను మెట్లెక్కి మూడో అంతస్తులో గోడకు ఆనుకుని నిలబడ్డాను. పైన తలుపు తెరుచుకున్న చప్పుడు. నిశ్శబ్దం. మూసుకున్న చప్పుడు. తర్వాత ఇంకాస్త దగ్గరగా అవే చప్పుళ్ళు. చిన్నప్పటిలాగే ఊపిరి బిగపట్టానని కాసేపటికిగాని గమనించలేదు.

నా ముందు తలుపు తెరుచుకుంది. లోపల లైటు, ఎదురు గోడకు అద్దం, అద్దంలో నేను.

“ఉన్నానన్నయ్యా” అన్నాను.

దానికి చెవులు లేవు. తలుపు మూసుకుంది. కిందికి వెళ్ళి రెండో అంతస్తులో తెరుచుకుంది. నేనిక్కడుంటే అన్నయ్య అక్కడ వెతుకుతున్నాడు. ఆ చప్పుడు విని తట్టుకోలేకపోయాను. మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తుండగానే లిఫ్టు అడుగుదాకా వెళ్ళి, మళ్ళీ పైకెక్కి, మొదటినుంచి మొదలుపెట్టింది. అమ్మ చెప్పింది నిజమే, దయ్యానికి అంత ఓపిక ఉండదు.

అది మళ్ళీ నా దగ్గరికి వచ్చేదాకా నేను ఆగలేదు. ఆగితే ఇక ఎప్పటికీ పలకనని తెలుసు. కళ్ళు తుడుచుకుని కిందికి దిగి, తొందరను లిఫ్టు దగ్గర ఉండమని చెప్పి, నా బల్ల దగ్గర కూర్చుని అసలైన పలుకును ఎక్కించాను. తెర మీద ఒక్కసారే పడింది. పిచ్చుక. దాని పక్కన, ఉన్నా.

తొందర ఫోను చేశాడు. “ఆగిందక్కా.”

“ఏ అంతస్తులో?”

“మూడో అంతస్తులో. తలుపు మూసుకుని బుద్ధిగా నిలబడింది. మీట నొక్కితే వస్తోంది. గెలిచాం.”

శుక్రవారం పెద్దసారు సంతకం పెట్టాడు. ఒక్కో భవనంలో బోర్డులు మార్చుకుంటూ వచ్చాం. ఇప్పుడు ఊళ్ళో ఏ లిఫ్టూ ఖాళీగా తిరగదు, ఎవరూ ఫోన్లో ఏడవరు. లోపల మాత్రం అన్నయ్య కోడ్ పిలుస్తూనే ఉంటుంది, నేను రాసింది పలుకుతూనే ఉంటుంది. అమ్మకు మొన్ననే చెప్పాను. “పలికావు కదా, మంచి పని చేశావు” అంది.

మంచి పనే. మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు మాత్రం నేను వెంటనే లేవను. కాసేపు చీకట్లో, పలక్కుండా కూర్చుంటాను.