పనివాళ్ళ మాట

“ఇస్త్రీ చేసినట్టు కనపడకూడదు, అలాగని ముడతలూ ఉండకూడదు” అన్నాడు మా ఆయన, చొక్కా నా ఒళ్ళోకి విసిరి. “చూడగానే మనవాడే అనుకోవాలి జనం.” నీళ్ళు చల్లి, పెట్టె తిప్పి, కాలరు కాస్త నలిపి, మళ్ళీ తిప్పి, పేదవాడి చొక్కా ఒకటి తయారుచేసేసరికి ముప్పావు గంట పట్టింది. అసలు పేదవాడైతే ఉన్నది తగిలించుకుని పనికి పోతాడు. నేనూ పోవాల్సిందే, బస్సు డిపోలో టికెట్ల కౌంటరుకి. కానీ ఆ రోజు అభ్యర్థిని ఎన్నుకునే సభ. నాకు సెలవు చీటీ కూడా ఆయనే రాసేశాడు, సంతకం మాత్రం నన్ను పెట్టమన్నాడు.

శ్రమ పార్టీ పుట్టింది మా ముందుగదిలోనే. రెండేళ్ళ కిందట పదకొండు మంది, మూడు కుర్చీలు, ఒక చాప. ఇప్పుడు మార్కెట్లో కూరలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి మిల్లు కార్మికుల దాకా అందరూ చెమట పార్టీ అని ముద్దుగా పిలుచుకుంటున్నారు. ఊళ్ళో ఏ గోడ చూసినా ‘మా అలసట మీ ఆస్తి కాదు’ అన్న నినాదమే. అది ఎలా పుట్టిందో నాకు తెలుసు. ఒక ఆదివారం బకెట్టు నిండా బట్టలు పిండుతుంటే, ఇంకో ఆరుగురికి టీ పెట్టమని కేకేశాడు. ఒళ్ళు మండి, “నా అలసట మీ ఆస్తి కాదు” అని అరిచాను. చకచకా వచ్చి ఆ మాట కాగితమ్మీద రాసుకున్నాడు. ఒక్క అక్షరం మార్చాడు, అంతే. టీ మాత్రం నేనే పెట్టాను. ఆ టీ తాగుతూ ఎవరో నినాదాన్ని మెచ్చుకుంటే, “ఏదో అలా తట్టింది” అన్నాడు. వంటింటి వైపు చెయ్యి ఊపి, “మా ఆవిడకి ఇవన్నీ పట్టవు, ఆవిడది టికెట్ల లోకం” అని నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. డిపో ఊడ్చే ఆడవాళ్ళు నలభై మంది నా మాట మీదే పార్టీలో చేరారని అక్కడ ఒక్కడికీ గుర్తురాలేదు. వాళ్ళలో పెద్దావిడ ఒకసారి నా మొహం చూసి, “ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అన్నట్టుందే మీ ఆయన వరస” అంది. నవ్వేసి ఊరుకున్నాను. నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

మా పార్టీలో ఒక కొత్త పద్ధతి ఉంది. అభ్యర్థి గురించి పెద్దవాళ్ళెవరూ పొగడకూడదు. అతని చేతి కింద పనిచేసే మనిషి మైకు ముందుకొచ్చి, పని ఎలా చేయించుకుంటాడో చెప్పాలి. దాన్నే పనివాళ్ళ మాట అంటారు. ఆ మనిషి వద్దంటే పేరు కొట్టేస్తారు. ఈ నియమం పెట్టించింది మా ఆయనే. సీటుకి తనతో పోటీ పడుతున్న గ్యారేజీ యజమానిని దెబ్బ తీయడానికి పట్టుబట్టి మరీ పెట్టించాడు. అనుకున్నట్టే, ఆ గ్యారేజీ మెకానిక్కు పోయిన నెల మైకు ముందు నిలబడి వద్దనేశాడు. యజమాని పేరు ఎగిరిపోయింది. ఆ రోజు మా ఆయన నాకు స్వీటు తెచ్చిపెట్టాడు.

తన వంతు వచ్చేసరికి తెలిసొచ్చింది. ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్ళయింది, చేతి కింద ఎవరున్నారని? రెండ్రోజులు గదిలో అటూ ఇటూ తిరిగాడు. మూడో రోజు అన్నం తింటూ తలెత్తి, “పనివాళ్ళు లేకపోతే ఏం? నువ్వున్నావుగా!” అన్నాడు. ఏదో గొప్ప ఉపాయం తట్టినట్టు మొహం వెలిగిపోయింది. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ‘పొద్దంతా ఏం చేస్తావు’ అన్నవాడే, తన నోటితో తనే అన్నాడు ఆ మాట. మా అత్తయ్య పక్కనుంచి, “వెళ్ళమ్మా. మావాడు ఊరి కోసం పుట్టాడు. నాలుగు మంచి మాటలు చెప్పిరా. సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు, గుర్తుంచుకో” అంది. సరేనన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానం రావాలి కదా, రాలేదు. నేను కాదంటానన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నాలుగు వాక్యాలు రాసిచ్చి బట్టీ పట్టమన్నాడు. ‘ఆయన నాకు దేవుడితో సమానం’ అన్నది మొదటిది.

సభకి ఆరువందల మంది వచ్చారు. డిపో ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. అధ్యక్షురాలు రిటైరైన నర్సు, అందరూ పెద్దక్క అంటారు. “ఈయన దగ్గర పనిచేసే మనిషి ఎవరు?” అని అడిగింది. లేచాను. మైకు ముందుకెళ్ళి నిలబడ్డాను.

“నేనే. పద్నాలుగేళ్ళుగా ఈయన దగ్గర పనిచేస్తున్నాను. ఆ సంగతి ఈయన మొన్ననే ఒప్పుకున్నారు, సీటు కావాల్సొచ్చి.”

ముందు వరసలోంచి ఎవరో ఈల వేశారు. మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను సరదాకి అంటున్నాననుకున్నాడు, పిచ్చిమారాజు.

“మరి నీ మాటేమిటమ్మా?” అంది పెద్దక్క.

“వద్దు. ఈయనకి సీటు ఇవ్వొద్దు.”

ఆ నవ్వు జారిపోవడం దగ్గర్నుంచి చూశాను. ఎంత హాయిగా అనిపించిందో! పాపభీతి లేదు, జాలి లేదు. పెద్దక్క కలం తీసి అతని పేరు మీద అడ్డంగా గీత గీసింది. గీస్తూ నా వైపు చూసి, “ఎందుకో చెప్పే హక్కు కూడా నీదే. చెప్తావా?” అంది.

మా ఆయన గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. “పరువు తియ్యకు. పద, ఏదున్నా ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం” అని పంటి బిగువున అన్నాడు.

చెయ్యి విడిపించుకున్నాను. “ఇంట్లో పద్నాలుగేళ్ళు మాట్లాడాను” అన్నాను. “ఇక్కడైతే మైకుంది.”