నాన్న పడుకున్నాడు

ఆఖరి వాయి బ్రెడ్డు దించేసరికి బేకరీ వెనక కిటికీలో వెలుతురు పడింది. అతను పొడుగు కర్ర చివరనున్న చెక్క పలకను బట్టీలోకి దూర్చి, ఒక్కో రేకునూ ముందుకు లాగి బల్ల మీదికి జారుస్తున్నాడు. మోచేతుల దాకా గీతలు గీతలుగా కాలిన మచ్చలు. పాతవి నల్లబడ్డాయి, కొత్తవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కనుబొమలు ఎప్పుడో మాడిపోయి, మళ్లీ పెరిగే ఉద్దేశం మానుకున్నాయి. చెవి మడతల్లో పిండి, మెడ ముడతల్లో పిండి. బేకరీలో అందరూ అతన్ని ‘బట్టీ’ అంటారు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే కాస్త ఆలోచించి గానీ పలకడు.

మీసాలు రాకముందే ఈ పనిలో చేరాడు. ఊరు పడుకున్నాక పనిలోకి వెళ్లడం, ఊరు లేచేసరికి ఇంటిదారి పట్టడం. అతని పనితనం గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అలాగని వంక పెట్టినవాళ్లూ లేరు.

రేకులన్నీ తుడిచి ఒకదానిమీద ఒకటి బోర్లించి, కుళాయి కింద మొహం కడుక్కుని, అచ్చు తప్పిన బన్నులు నాలుగు సంచిలో వేసుకున్నాడు. అమ్మకానికి పనికిరానివి ఇంటికి పట్టుకెళ్లొచ్చు. అవంటేనే పిల్లలకు ఇష్టం. ఏ బన్ను ఏ జంతువులా ఉందో తేల్చుకునేదాకా ఎవరూ కొరకరు.

ఇంట్లో రెండు గదులు. అతను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే కవలలిద్దరూ వచ్చి చెరొక కాలూ పట్టుకుని చొక్కా వాసన చూశారు. ఇద్దరికీ ఆరేళ్లు. ఒకడు గుండోడు, ఒకడు బక్కోడు. ఒకే కడుపున ఒకేసారి పుట్టినా తిండి మాత్రం గుండోడికే ఒంటబట్టింది. వాళ్లకంటే రెండేళ్లు పెద్దదైన అక్కను ఇంట్లో ‘పెద్దది’ అంటారు. అది అద్దం ముందు నిలబడి తన జడ తనే వేసుకుంటోంది. అతని భార్య బట్టలు కుట్టే కార్ఖానాకు వెళ్లే తొందరలో ఉంది. ఒక చేత్తో పిల్లల చిరుతిండి డబ్బాలు సర్దుతూ, ఇంకో చేత్తో తన కొంగుకు పిన్ను పెట్టుకుంటోంది. అందరిలోకీ చిన్నది, ఏడాది దాటిన బుజ్జి, చెక్క కుర్చీలో కూర్చున్న నానమ్మ మోకాళ్లు పట్టుకుని నిలబడి ఊగుతోంది.

“ఇది తాబేలు,” అన్నాడు గుండోడు.

“కాదు, కూచున్న ఏనుగు,” అన్నాడు బక్కోడు.

వాళ్ల తగువు తీరకముందే బడి వ్యాను కూత పెట్టింది. పెద్దది తమ్ముళ్లిద్దర్నీ చెరొక రెక్కా పట్టుకుని లాక్కుపోయింది. వాళ్ల వెనకే భార్యా బయల్దేరింది. గుమ్మం దాటుతూ అతని చెవి మడతలో ఉన్న పిండిని బొటనవేలితో తుడిచి వెళ్లింది. అతనికి సంసారమంటే ఈ కాసేపే. మిగతాదంతా తన అమ్మ చెబితే విన్నదే.

పెద్దది మొదటిసారి నడిచినప్పుడు అతను నిద్రలో ఉన్నాడు. సాయంత్రం లేచాక, అమ్మ గది మధ్యలో నిలబడి చేతులు రెండు పక్కలా చాపి, ఊగుతూ, తూలుతూ నాలుగడుగులు వేసి, ధభీమని చతికిలబడి చూపించింది. తర్వాత లేవలేక చెయ్యి చాపితే అతనే లేపాడు. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. కవలల నడకనైతే విడివిడిగా చూపించింది. గుండోడు తల ముందుకు పెట్టి కుమ్మడానికి వచ్చినట్టు నడిచాట్ట. బక్కోడు గోడకు చెవి ఆనించి, గోడ ఏదో చెబుతుంటే వింటున్నట్టు నడిచాట్ట. అలా తన పిల్లల తొలి అడుగులన్నీ అతను ముసలి పాదాల్లోనే చూశాడు.

పెద్దది పలికిన మొదటి పూర్తి వాక్యం కూడా అమ్మే చెప్పింది. ‘నాన్న బజ్జున్నాడు’ అందట. అప్పుడతను పడీపడీ నవ్వాడు. బేకరీలో అందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట ఎప్పటినుంచి గుచ్చుకోవడం మొదలుపెట్టిందో అతనికి గుర్తులేదు. బహుశా బడిలో పెద్దది పాట పాడిన రోజు నుంచి కావచ్చు. ఆవేళ తప్పకుండా వస్తానన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కుంటూ మంచం మీద కూర్చుని, ఒక్క క్షణం అనుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి చీకటి పడింది. చొక్కా ఒక చేతికే ఉంది. పెద్దది అప్పటికే బడి నుంచి వచ్చేసి, మొహానికి పూసిన రంగు కడుక్కుంటోంది. కోప్పడి ఉంటే బాగుండేది. “పర్లేదు నాన్నా, నువ్వు పడుకున్నావుగా,” అంది.

పగలు అతను పడుకున్నంతసేపూ ఇంట్లో నిశ్శబ్దానికి కాపలా అమ్మది. గిన్నె కింద పడితే ఆమె ముఖం చూడాలి. తలుపులు మూసేటప్పుడు గొళ్లేనికి వేలు అడ్డం పెట్టేది. పిల్లలకు మాటలకంటే ముందు గుసగుసలు నేర్పింది. అతను ఒకటి రెండుసార్లు, మరీ అంత అక్కర్లేదమ్మా అని చెప్పి చూశాడు. నిద్ర చాలకే మీ నాన్న లారీతో సహా కాలవలో పడ్డాడు, నాకు తెలుసు దాని సంగతి అని ఆమె నోరు మూయించింది.

ఆ ఉదయం అతను నేల మీద కూర్చుని టీ తాగుతుంటే అమ్మ కుర్చీలోంచి వంగి, బుజ్జి జుట్టు వెనక్కి దువ్వుతూ చెప్పింది.

“నిన్న చెయ్యి వదిలేసి నిలబడిందిరా ఇది. ఇవాళో రేపో నడిచేస్తుంది.”

“అయితే ఇవాళ పడుకోను. ఇక్కడే కూచుంటా.”

“చాల్లే. కళ్లు చూడు, చింతనిప్పుల్లా ఉన్నాయి. పోయి పడుకో. అది అడుగేస్తే నేను లేపుతాగా.”

“నిజంగా లేపుతావా?”

“లేపుతానన్నాగా.”

అమ్మ ఎడమ భుజం పట్టుకుని నొక్కుకుంటూ ఉండడం అతను చూశాడు. ఏమైందని అడిగాడు. రెండు రోజులుగా లాగుతోందని, కాస్త ఆయాసంగా కూడా ఉందని ఆమె అంది. సాయంత్రం లేచాక డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. సరేనంది. అతను బుజ్జి ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపి రమ్మన్నాడు. బుజ్జి అతని వంక, నానమ్మ వంక మార్చి మార్చి చూసి, నానమ్మ మోకాళ్లే ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను నవ్వేసి లోపలి గదిలోకి వెళ్లి మందపాటి తెర లాక్కున్నాడు. తల దిండుకు తగిలిందో లేదో, నిద్ర అతన్ని లాగేసుకుంది.

మధ్యాహ్నం బడి వదిలారు. పిల్లలు వచ్చారు. అన్నాలు తిన్నారు. అతనికి అవేమీ తెలియవు. అసలు అతన్ని లేపింది చప్పుడు కాదు. తెర అంచున ఎప్పుడూ పడే ఎండ ఆ రోజు పక్కకు జరిగిపోయి, పలచబడి ఉంది. రోజూ ఆ వేళకు అమ్మ టీ గ్లాసుతో వచ్చి కాలి బొటనవేలు పట్టుకుని ఊపేది. బయట గదిలో ఎవరో ముక్కు ఎగపీల్చారు. మళ్లీ ఏమీ లేదు.

తెర తీసి చూస్తే, పిల్లలు ముగ్గురూ గోడవార వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల ఒళ్లలో పుస్తకాలున్నాయి, ఎవరూ చదవడం లేదు. అమ్మ కుర్చీలోనే ఉంది. తల ఒక పక్కకు వాలింది. బుజ్జి ఆమె మోకాళ్ల దగ్గరే నేల మీద కూర్చుని కొంగు చివర నములుతోంది.

పెద్దది పెదవుల మీద వేలు పెట్టి గుసగుసగా అంది. “మెల్లిగా నాన్నా. నానమ్మ పడుకుంది.”

అతను దగ్గరకు వెళ్లి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. రాత్రంతా నిప్పు దగ్గర పనిచేసే చేతులకు ఏదైనా చల్లగానే తోస్తుంది. అలా అనుకునే ఆ చేతిని ఇంకాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఆమె చెంప తాకాడు. పిల్లలు తననే చూస్తున్నారని గుర్తొచ్చి, కుర్చీ పక్కనే మెల్లిగా కూలబడ్డాడు.

“ఎప్పుడు పడుకుందమ్మా?” అని అడిగాడు. తన గొంతు కూడా గుసగుసగానే వచ్చింది.

పెద్దది ఒక్కొక్కటే చెప్పింది. తాము అన్నం తిన్నాక బుజ్జి నడిచిందట. నానమ్మ మోకాళ్లు వదిలేసి కిటికీ దాకా వెళ్లిందట. నానమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందట. అతన్ని లేపడానికని కుర్చీలోంచి లేచి, నిలబడలేక మళ్లీ కూర్చుందట. ఒళ్లంతా చెమటలు పట్టాయట. మంచినీళ్లు అడిగితే తనే తెచ్చి ఇచ్చిందట.

“నాన్నని లేపనా అన్నాను. వద్దమ్మా, పడుకోనీ, ఇది కాసేపట్లో తగ్గిపోతుంది అంది. తర్వాత కళ్లు మూసుకుంది. మేం అస్సలు గొడవ చెయ్యలేదు నాన్నా. గుండోడికి దగ్గొస్తే బయటికి పంపాను.”

అతను తలూపాడు. పెద్దది అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల. దానికి ఏదో అర్థమవుతోందని దాని కింది పెదవి చూస్తే తెలిసింది.

“లేపాల్సిందా నాన్నా?”

అవునంటే, ఆ ఒక్క మాట పిల్ల జీవితాంతం మోస్తుంది.

“లేదమ్మా,” అన్నాడు. “నానమ్మ చెప్పినట్టే చేశావు. మంచిపని చేశావు.”

అది నమ్మింది. లేకపోతే నమ్మాలనుకుంది. అతను దాని తల దగ్గరికి తీసుకుంటే, పిండి వాసన వేసే ఆ చొక్కాలో ముఖం దాచుకుంది. బక్కోడు లేచి వచ్చి నానమ్మ చెప్పులు రెండూ సరిగ్గా పక్కపక్కన పెట్టాడు. ఎందుకు పెట్టాడో వాడికీ తెలియదు.

చీకటి పడుతుండగా భార్య వచ్చింది. పక్కింటివాళ్లు వచ్చారు. డాక్టరు వచ్చి చూసి, మీరు మెలకువగా ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదేమో అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. అతని మనసు మాత్రం ఆ చివరి అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఏమో.

అన్నీ ముగిశాక, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, ఇల్లు మళ్లీ రెండు గదులైంది. భార్య కొన్నాళ్లు కార్ఖానాకు సెలవు పెట్టింది. అతను బేకరీ యజమానిని పగటిపూట పని అడిగాడు. పగలు బట్టీ వెలిగించరు కదా అని ఆయన మెత్తగానే చెప్పాడు. అతను మళ్లీ రాత్రిపనికే వెళ్లాడు. తెల్లారి ఇంటికి వచ్చాడు. బన్నులు తెచ్చాడు. పిల్లలు వాటికి పేర్లు పెట్టకుండానే తిన్నారు.

బుజ్జి ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోంది. మొదటిసారి ఎలా నడిచిందో చూపించమని అతను ఒకసారి పెద్దదాన్ని అడిగాడు. అది చేతులు చాపి రెండడుగులు వేసి, సిగ్గుపడి ఆగిపోయింది. “నాకు రావట్లేదు నాన్నా. నానమ్మకే వచ్చు,” అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను పడుకోబోతూ తెర పూర్తిగా పక్కకు జరిపేశాడు. గట్టిగా ఆడుకోండర్రా, నాకేం ఇబ్బంది లేదు అని పిల్లలతో చెప్పాడు. గుండోడు అనుమానంగా అక్క వంక చూశాడు. ముగ్గురూ ఏదో ఆట మొదలుపెట్టారు. అతను కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు. కాసేపు నవ్వులు, అంతలోనే ఉష్ ఉష్ అనుకోవడాలు. మళ్లీ గుసగుసలు. అరవడం వాళ్లకు చేతకాలేదు.

నిద్ర రాలేదు. లేచి బయట గదిలోకి వచ్చాడు. పిల్లలు ఆడుకోవడానికి చోటు చేద్దామని, గది మధ్యలో ఖాళీగా ఉన్న అమ్మ కుర్చీని పట్టుకుని గోడవైపు లాగాడు. గచ్చు మీద చెక్క కీచుమంటుందని పళ్లు బిగబట్టాడు. చప్పుడే రాలేదు. మళ్లీ ఒకసారి లాగాడు. అప్పుడు కుర్చీని వెనక్కి ఒరిగించి చూశాడు. కాళ్ల నాలుగింటికీ కింద పసిపిల్లల మేజోళ్లు తొడిగి, పైన దారంతో బిగించి కట్టి ఉన్నాయి. ఎర్రది ఒకటి, పచ్చ చారలది ఒకటి, వెలిసిపోయి రంగు తెలియనివి రెండు. మడమల దగ్గర అరిగిపోతే మళ్లీ మళ్లీ కుట్టిన కుట్లున్నాయి. అతను మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ఏది ఏ బిడ్డదో ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాడు. ప్రతి మేజోడులోనూ అమ్మ వేలెడంత దూది కుక్కింది.