పెద్దపీట

రేణుకి ఆ ప్రయాణం మొదటినుంచీ ఇష్టం లేదు. తాముండే ట్రాయ్ నుంచి దక్షిణ ఒహాయోలోని ఆ కొండల ఊరికి ఐదు గంటల డ్రైవ్. భర్త జగన్మోహనే తీసుకెళ్ళాల్సింది గానీ, అతని ఆఫీసులో కొత్త కారు లాంచ్ నెత్తిమీదికి వచ్చింది. "ఒక్క రోజేగా, నువ్వే వెళ్ళు" అన్నాడు. దాంతో శనివారం పొద్దున్నే కూతురు అవనిని ఎక్కించుకుని బయల్దేరింది.

దూరం గురించి కాదు ఆమె బాధ. రేణు ఎన్నో ఏళ్ళుగా ఇంటి బేస్‌మెంట్‌లో ఆదివారాలు తెలుగు క్లాస్ నడుపుతోంది. ఆ చుట్టుపక్కల ఏ పిల్లాడు నాలుగు ముక్కలు కూడబలుక్కుని చదివినా అది రేణు ఆంటీ చలవే. సొంత కూతురు మాత్రం తొమ్మిదో ఏట "ఐయామ్ డన్, అమ్మా" అని పుస్తకం మూసేసింది. రేణు బతిమాలింది, కసిరింది, చివరికి ఊరుకుంది. అలాంటి పిల్ల హైస్కూల్లో చేరాక వేల్స్ దేశపు భాష వెల్ష్‌ని పట్టుకుంది. కోయిర్ టీచర్ మిస్ ప్రిచర్డ్ ఆ భాషలో ఒక పాట నేర్పిందట. కాన్సర్ట్ అయిపోయింది గానీ భాష అవనిని వదల్లేదు. గది తలుపు వేసుకుని, ఆన్‌లైన్ క్లాసుల్లో గొంతు లోపలినుంచి 'ఖ్' అంటూ పలుకుతుంటే, పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా అనుకునేది రేణు. పైకి మాత్రం అనేది కాదు.

"అసలు ఏమిటే ఇది? పాటల పోటీయా?" అంది కారులో.

"ఐస్తెద్‌వోద్, అమ్మా. పాటలు, డాన్స్, డ్రామా, పోయెమ్స్, అన్నీ. యంగ్ పీపుల్‌కే. మొత్తం వెల్ష్‌లోనే."

"నువ్వేం చేస్తావు?"

"కోయిర్‌లో పాడతా." కిటికీవైపు తల తిప్పుకుని, "ఇంకోటి కూడా ఎంటర్ చేశా. అది ఏం కాదులే" అంది.

ఊరు చిన్నది. హాలు మాత్రం పాతది, ఇటుకలతో కట్టింది, లోపల బాల్కనీ మూడువైపులా తిరిగి ఉంది. పెన్సిల్వేనియా నుంచి, విస్కాన్సిన్ నుంచి వచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా వరండాలో గొంతులు సవరించుకుంటున్నారు. అవని వాళ్ళలోకి ఒక్క అంగలో వెళ్ళిపోయి, ఆ భాషలోనే నవ్వుతూ మాట్లాడింది. ఇంట్లో రెండు తెలుగు మాటలకి మూడు ఇంగ్లిష్ మాటలు కలిపితే గాని వాక్యం పూర్తి చెయ్యని పిల్ల అలా గలగలా మాట్లాడుతుంటే, రేణు మనసు చివుక్కుమంది. ముచ్చటగానూ అనిపించింది. ఆ ముచ్చటని ఒప్పుకోవడానికి ఆమెకి మనసు రాలేదు.

రేణు పక్క సీట్లో ఎలిస్ అనే పెద్దాయన కూర్చున్నాడు. ఆ ఊరి రైతు. ఇనుప గనుల్లో పనికోసం తన ముత్తాత వేల్స్ నుంచి ఇక్కడికి వచ్చాడని చెప్పాడు.

"అయితే మీకు ఆ భాష వచ్చా?" అడిగింది రేణు.

"రాదమ్మా. మా నానమ్మ ఆ భాషలోనే ప్రార్థన చేసుకునేది. మా నాన్నకి నేర్పలేదు. ఇంగ్లిష్ వస్తే చాలు అనుకుంది. ఇప్పుడు నా మనవరాలు నేర్చుకుంటోంది, నాకూ నేర్పుతోంది. మొన్న 'నాకు ఆకలేస్తోంది' అనడం వచ్చింది."

రేణుకి తన క్లాసుకి పిల్లల్ని దింపుతూ వాళ్ళతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడే తల్లిదండ్రులు కళ్ళముందు మెదిలారు.

ఇంతలో పాటలు మొదలయ్యాయి. నలభైమంది పిల్లలు స్టేజీ మీద నాలుగు వరసలుగా నిలబడ్డారు. వెనక వాయిద్యం లేదు. మొదటి గొంతు లేచింది, దాని కింద ఇంకోటి చేరింది, రెండింటి మధ్యలోంచి మూడోది పుట్టుకొచ్చింది. రేణు కచేరీలు విన్న మనిషే. కానీ ఇన్ని గొంతులు ఇన్ని దారుల్లో నడిచి ఒకే వాకిట్లో కలవడం ఆమె ఎప్పుడూ వినలేదు. రెండో చరణానికి ఎలిస్ సన్నగా గొంతు కలిపాడు. ముందు వరసలో ఒక ముసలావిడ కలిపింది. బాల్కనీ అందుకుంది. ఎవరూ లేవమనలేదు, పాడమనలేదు. పాటలో మాటలు రానివాళ్ళు కూడా నోరు మూసుకునే రాగం తీశారు. కాళ్ళకింద చెక్కనేల సన్నగా వణకడం రేణుకి చెప్పుల్లోంచి తెలిసింది.

పాట అయ్యాక అవని వచ్చి తల్లి పక్కన కూర్చుంది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి.

ఆ తర్వాత స్టేజీ మీదికి ఒక కుర్చీ తెచ్చారు. నల్లటి ఓక్ కలప, ఎత్తైన వీపు, చేతులకి చెక్కిన ఆకులు. అన్నిటికన్నా మంచి పద్యం రాసిన వాళ్ళకి ఆ కుర్చీ ఇస్తారని, ఆ కవి ఎవరో ఆ క్షణం దాకా ఒక్కరికీ తెలియనివ్వరని ఎలిస్ చెప్పాడు. అందరూ మారుపేర్లతోనే పంపుతారట.

తీర్పు చెప్పే ఆవిడ మొదట వెల్ష్‌లో, తర్వాత ఇంగ్లిష్‌లో మాట్లాడింది. "గెలిచిన పద్యం ఒక ఇంటి గురించి. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక తల్లి ఆదివారాలు పరాయి పిల్లలకి తన భాష నేర్పుతుంది. ఆమె కూతురు నేర్చుకోనని వచ్చేసింది. వచ్చేసి, మెట్లమీద చీకట్లో కూర్చుని, ఏళ్ళ తరబడి వింటూనే ఉంది."

రేణు చప్పున పక్కకి చూసింది. అవని తన బూట్లకేసి చూసుకుంటోంది.

"మా ప్రాచీన ఛందస్సులో పంక్తి మొదటి సగంలో వచ్చిన హల్లులు రెండో సగంలో అదే వరసలో తిరిగి రావాలి" అందావిడ. "ఈ కవి చెవి ఎక్కడ తయారైందో నాకు తెలియదు. కానీ బాగా తయారైంది."

హాల్లో దీపాలు తగ్గించారు. ఇద్దరమ్మాయిలు బూరలు ఊదారు. ఆవిడ మారుపేరు చదివింది: "మెర్ఖ్ ఎ గ్రిషై. ఈ పేరు గలవారు లేచి నిలబడాలి."

"మెట్లమీది పిల్ల అని అర్థం. ఆ మాటలు నా మనవరాలు నేర్పింది" అన్నాడు ఎలిస్ గుసగుసగా.

ఎవరూ కదల్లేదు. బాల్కనీలో వాళ్ళు తొంగి తొంగి వెతుకుతున్నారు. అప్పుడు రేణు పక్కన సీటు కిర్రుమంది. అవని లేచి నిలబడింది. పైనుంచి దీపం ఒకటి వెతుక్కుంటూ వచ్చి ఆమె జడమీద ఆగింది.

అంత జనమూ ఒక్కపెట్టున లేచారు. రేణు లేవడం మరిచిపోయింది. తన కూతురిని ఇద్దరు పెద్దవాళ్ళు చెరోవైపు చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్తుంటే, కూర్చున్న చోటినుంచే జనం భుజాల మధ్యగా చూసింది. అవనిని కుర్చీ ముందు నిలబెట్టి, ఆమె తలమీదుగా సగం దూసిన పొడవాటి కత్తి పట్టుకుని ఒకాయన ఏదో అడిగాడు. హాలంతా ఒక్క గొంతుతో "హెద్దుఖ్" అంది.

రేణు ఉలిక్కిపడింది. "దుఃఖం అంటున్నారా?"

"శాంతి" అన్నాడు ఎలిస్. "శాంతి ఉందా అని అడుగుతున్నారు. ఉందని మనం ఒప్పుకుంటేనే కవిని కూర్చోబెడతారు. మూడుసార్లు అడుగుతారు. మీరూ అనండి."

మూడోసారి రేణు లేచి నిలబడి అంది. ఆ మాట నోటికి సరిగ్గా తిరగలేదు. అయినా గొంతెత్తి అంది. కత్తి ఒరలోకి వెళ్ళింది. అవని కూర్చుంది. కుర్చీ పెద్దది, పిల్ల సన్నది. అయినా ఆ కుర్చీలో ఖాళీ కనిపించలేదు రేణుకి.

జనం పలచబడ్డాక తల్లీకూతుళ్ళు ఒకరికొకరు ఎదురుపడ్డారు.

"ఎందుకు చెప్పలేదే?" అంది రేణు.

"చెప్తే మళ్ళీ క్లాస్‌కి రమ్మంటావని."

రేణుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"తెలుగులో రాస్తే నువ్వు కరెక్ట్ చేస్తావు, అమ్మా. ఫస్ట్ లైన్‌లోనే ఆగిపోతా. ఇందులో అయితే నువ్వు చెయ్యలేవు కదా." అవని గొంతు తగ్గించింది. "బట్ ఆ సౌండ్ థింగ్ నీ దగ్గరే విన్నా. పెద్ద పిల్లలకి యతి చెప్పేప్పుడు చప్పట్లు కొట్టి చూపించేదానివి. నేను మెట్లమీద సాఫ్ట్‌గా కొట్టేదాన్ని. వినపడకుండా."

రేణు ఆమె తల దగ్గరికి తీసుకుంది.

కుర్చీ కారులో పట్టలేదు. వెనక సీటు మడిచినా పట్టలేదు. ఎలిస్ తన ట్రక్కులోంచి తాళ్ళు, పాత దుప్పట్లు తెచ్చాడు. పెన్సిల్వేనియా పిల్లలు నలుగురు కుర్చీని ఎత్తి కారు టాప్‌మీద బోర్లించారు. ముడులు వేస్తూ ఒకమ్మాయి ఏదో కూనిరాగం తీసింది. తాడు అవతలివైపు పట్టుకున్నవాడు కింది స్థాయిలో అందుకున్నాడు. దుప్పటి సర్దుతూ అవని మధ్యలో చేరింది. వినేవాళ్ళకోసం కాదు, పోటీ అయిపోయింది, స్టేజీ లేదు. ఆ పార్కింగ్ లాట్‌లో, కొండలమీద ఎండ వాలుతుండగా, వాళ్ళు తాళ్ళు బిగిస్తూ తలో స్థాయిలో పాడారు. రేణు కారు తాళం చేతిలో పట్టుకుని, వాళ్ళు ముగించేదాకా తలుపు తియ్యలేదు.