సీటు ఎత్తు

కటింగ్ మాస్టరు ప్యాంటు గుడ్డ మీద సుద్దగీత గీసి కత్తెర అందుకున్నాడు. ఉతికితే గుడ్డ పొట్టిదవుతుందని, కాలి కొలత రాసుకునేటప్పుడే ఒక అంగుళం కలిపేయడం ఆయన అలవాటు. సొంత కాలు కొలుచుకున్న రోజునా చెయ్యి దానంతటదే ఆ అంగుళం కలిపి రాసింది. ఆ అంకెను సీటు ఎత్తుతో సరిచూసుకుని, యాభై ఆరేళ్ల వయసులో, తన మొదటి మోటార్‌సైకిల్ ఎంచుకున్నాడు. ఎక్కి చూడలేదు. నలుగురి ముందు కాలెత్తి తడబడటం కన్నా అంకెను నమ్ముకోవడమే నయమనిపించింది.

కుట్టు దుకాణం బావమరిదిది. ఇరవై ఆరేళ్లుగా మాస్టరు రాకపోకలు ఆయన బండి వెనక సీటు మీదే. పని ముగిసినా షట్టరు పడేదాకా, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చోవాలి. మాస్టరుకు వేగం మీద మోజు లేదు. తన పని అయిన వేళకు లేచి వెళ్లిపోవాలి, అంతే. నడపడం చాటుగా నేర్చుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ షోరూముకు వెళ్లారు. మాస్టరు బండెక్కాడు. కాలి బొటనవేళ్లు మాత్రమే నేలకు ఆనాయి.

బండ్లు చూపించే అమ్మాయి గొంతు తగ్గించింది. “ఇంకా బిల్లు కొట్టలేదు సార్. పక్కది తీసుకోండి. రెండంగుళాలు తక్కువ, కాళ్లు హాయిగా ఆనుతాయి.”

బావమరిది పగలబడి నవ్వాడు. “తీసుకో బావా! ముందు బుట్ట కూడా పెట్టిస్తారు. అక్కకి కూరగాయలు తెచ్చుకోవచ్చు.”

బిల్లు రాసే గుమాస్తా కూడా నవ్వాడు. మాస్టరు చిన్న బండి వైపు చూశాడు. ఆయన కాలికి కొలిచి కుట్టినట్టుంది.

“ఇదే ఉండనీ అమ్మా. నా కొలత నాకు తెలీదా?”

“ఎందుకు తెలీదు? ఊరందరి కాళ్లూ కొలిచినవాడివి!” అన్నాడు బావమరిది.

కొత్త బండి దుకాణం ముందుకు చేరింది. ఆ సాయంత్రం ఐదింటికే మాస్టరు మెడలోని టేపు తీసి కొక్కేనికి తగిలించాడు. “నే వెళ్తున్నా,” అన్నాడు. ఆ దుకాణంలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

బావమరిది కుట్టుమిషను ఆపలేదు. “సిగ్నలు దగ్గర నిచ్చెన అడుగు బావా!”

సిగ్నలు దగ్గర రోడ్డు ఎడమ పక్కకు వాలుగా ఉంది. మాస్టరు బండి ఆపి ఎడమకాలు దించాడు. నేల అందలేదు. ఎవరో నెమ్మదిగా పడుకోబెడుతున్నట్టు బండి ఒరిగింది. పక్కనే మలుపు తిరుగుతున్న బస్సుకు ఆగే వ్యవధి లేకపోయింది.

ఆసుపత్రిలో బావమరిది చేత సంతకం పెట్టించుకుని, మాస్టరు వస్తువులున్న సంచీ అప్పగించారు. బావమరిది అందులోంచి ఒక బూటు తీసి, బరువుగా అనిపించి, వేళ్లు లోపలికి పెట్టి చూశాడు. అరికాలి కింద మూడు పొరల అట్ట ఉంది. అంచు ఎక్కడా చెదరకుండా పాదం ఆకారానికి కత్తిరించి, పొరపాటు పడకుండా, పై పొర మీద సుద్దతో ‘ఎడమ’ అని రాసి ఉంది.